మకు ఒత్వం, లకు ల వత్తు: మా అమ్మాయికి మొల్ల అని పేరు పెట్టుకున్న కథ

మా అమ్మాయి పేరు మొల్ల. వెనక అమ్మ లేదు, దేవి లేదు, ముందు శ్రీ లేదు. రెండే అక్షరాలు. ఈ రెండు అక్షరాలు మా ఇంటి పెద్దల నోట, పురోహితుడి పళ్ళెంలో బియ్యం మీద, చివరికి జనన ధ్రువపత్రం మీద సరిగ్గా నిలబడడానికి ఏడాది దగ్గరగా పట్టింది.

పాప రెండేళ్ళ క్రితం శీతకాలంలో, పుబ్బ నక్షత్రం మొదటి పాదంలో పుట్టింది. పంచాంగం ప్రకారం పుబ్బ నాలుగు పాదాలకు మో, టా, టీ, టూ అక్షరాలు. టా, టీ, టూలతో ఆడపిల్లకు పేరు వెతకడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళు గనుక మొదటి పాదం అనగానే ఇంట్లో అందరూ సంతోషించారు. సాయంత్రానికి మా ఆడపడుచు ఒక కాగితం నిండా పేర్లు రాసుకొచ్చింది. మోక్ష, మోక్షిత, మోహన, మోహిత, మోహిని, మోనిక. అన్నీ వినసొంపైనవే. నేను మాత్రం ఆ కాగితం చూస్తూ, మా పుట్టింటి బావి దగ్గరి పొదను తలుచుకుంటున్నాను.

మాది కడప జిల్లాలో బద్వేలు వైపు. మా అవ్వ ఆ బావి పక్కన ఒక తీగ పెంచేది. ఆకులు పట్టుకుంటే సన్నని నూగు వేళ్ళకు తగిలేది. మల్లెలు అయిపోయి చాలా నెలలు గడిచాక, మార్గశిరం, పుష్యం చలిలో, అది తెల్లగా విరగబూసేది. సన్నటి రేకులు, నక్షత్రంలా విచ్చుకునేవి. మల్లెలంత వాసన ఉండదు. అందుకే కాబోలు పూలమ్మేవాళ్ళ బుట్టల్లో అది కనిపించదు. అవ్వ ఆ పూలు దేవుడికి పెడుతూ "ఇవి మొల్లలు తల్లీ, మన మొల్ల పేరు వీటిదే" అనేది. "మన మొల్ల" అంటే రామాయణం రాసిన మొల్ల. మా వైపు ఆమెను పొరుగింటి ఆడపిల్లలా తలుచుకుంటారు. ఆమె ఊరు గోపవరం. అది మా బద్వేలు దగ్గరి గోపవరమే అని మేమంటాం, నెల్లూరు వాళ్ళు వాళ్ళ జిల్లాలో ఉన్నదని అంటారు. రెండు వైపులా పండితులు ఉన్నారు, వాదనలూ ఉన్నాయి. అవ్వకు మాత్రం ఆ విషయంలో ఏ అనుమానమూ ఉండేది కాదు.

ఆ రాత్రి మా ఆయనతో అన్నాను, "మొల్ల అని పెడదాం". ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రెండు మూడు సార్లు మెల్లగా పలికి చూసుకున్నారు. "బాగుంది, కానీ అమ్మ ఒప్పుకోవాలి" అన్నారు.

అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆమె అభ్యంతరం తేలికగా తీసిపారేయగలిగింది కాదు. "పిల్లలు ఏడిపిస్తారమ్మా. ఒక్క వత్తు జారితే ఏమవుతుందో చూడు" అన్నారు. ఆమె చెప్పింది నిజమే. ల కింది వత్తు తీసేస్తే మిగిలేది మొల. మొలతాడులోని మొల. ఇక తొందరగా పలికేవాళ్ళు ముల్లు అనుకోవచ్చు, ముల్లా అనుకోవచ్చు. పేరు మనం పెడతాం గానీ మోసేది ఆ పిల్ల. ఆ రాత్రంతా నేను ఆ మాటే ఆలోచించాను. పట్టుదల నాది, దాని బరువు పాపది అవుతుందేమో అని నిజంగా భయం వేసింది.

మరునాడు పొద్దున అత్తమ్మ పూజ గదిలో శ్లోకాలు చదువుకుంటున్నారు. మా ఆయన చిన్నప్పుడు పరీక్షలకు వెళ్ళే ముందు ఆయన చేత చదివించేవారట, ఆ అలవాటు ఆమెకు ఇప్పటికీ పోలేదు. "యా కుందేందు తుషారహార ధవళా" అని మొదలుపెట్టారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆ శ్లోకం నాకూ నోటికి వచ్చు, మన పిల్లలందరికీ వచ్చు. సరస్వతి తెలుపును దేనితో పోల్చారు? ముందు కుందంతో, తర్వాతే చంద్రుడితో, మంచుతో. కుందం అంటే మొల్లపువ్వు.

పూజ అయ్యాక ఆ మాట చెప్పాను. ఆమె వెంటనే నమ్మలేదు. ఇంట్లో ఉన్న పాత నిఘంటువు తీసి చూపించాను. మొల్ల దగ్గర కుందం అని ఉంది. అత్తమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చదివారు. "ఇన్నాళ్ళూ చదువుతున్నాను, కుందం అంటే ఏ పువ్వో అడగనే లేదు" అన్నారు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. కానీ మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేసి "పేరు ఏమనుకుంటున్నారు?" అని అడిగితే "మొల్ల అంటోంది మా కోడలు. సరస్వతీదేవికి పోలిక చెప్పిన పువ్వట" అని ఆమె చెప్పడం విన్నాను.

ఇక మిగిలింది పురోహితుడు. ఆయనకు పేరుతో పేచీ లేదు, అచ్చుతో ఉంది. "పంచాంగంలోని నక్షత్రాక్షరాల చక్రంలో ఉన్నది మో. దీర్ఘం. మీరు చెప్పేది హ్రస్వం" అన్నారు. మంచి మాట అడిగారు. ఆ మాట వల్లే నాకు ఈ పేరు గురించి అసలు సంగతి తెలిసింది. సంస్కృతంలో హ్రస్వమైన ఎ, ఒ అనే అచ్చులు లేవు. ఏ, ఓ మాత్రమే ఉన్నాయి. పొట్టి ఎ, పొట్టి ఒ మనవి. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం వంటి భాషలవి. మరి మన ఆడపిల్లల పేర్లు చాలావరకు సంస్కృతం నుంచే వచ్చాయి. అందువల్ల మన బడి హాజరు పట్టీలు తిరగేస్తే పొట్టి ఒ ఉన్న ఆడపిల్ల పేరు దొరకడం చాలా అరుదు. మన భాషకు సొంతమైన అచ్చు మన పేర్లలోనే లేదు. ఇది తెలిశాక నాకు ఆ పేరు మీద ఇష్టం కాస్తా బాధ్యతగా మారింది.

పురోహితుడు కాసేపు ఆలోచించి "సంస్కృతంలో పొట్టి ఒకారమే లేదు గనుక చక్రం రాసినవాళ్ళు మొ, మో అని విడదీసి చెప్పే అవసరం లేకపోయింది. మీ మొల్లను మోలోనే చేర్చుకుందాం" అన్నారు. ఇరవై ఒకటో రోజు బాలసారలో పళ్ళెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో మా ఆయన చేత పేరు రాయించారు. ల వత్తు దగ్గర గింజలు కదిలిపోతే అత్తమ్మే వంగి మళ్ళీ సరిచేశారు. తర్వాత పాప కుడి చెవిలో మూడుసార్లు చెప్పాం. అది నిద్రపోతూనే ఉంది.

బంధువుల్లో చాలామంది మొహమాటానికి "బాగుంది" అన్నారు. కొందరు నేరుగా అడిగారు, "మీరు కుమ్మరులు కారు కదా, ఆ పేరెందుకు?" అని. ఈ ప్రశ్న ఆ రోజు మొదలై ఇప్పటికీ వస్తూనే ఉంది. కవయిత్రి మొల్ల తన పద్యాల్లో తండ్రి పేరు చెప్పుకుంది, ఆయన శివభక్తి చెప్పుకుంది, తనకు చదువు చెప్పిన గురువులు లేరనీ గోపవరపు శ్రీకంఠ మల్లేశుడి దయ వల్లే కవిత్వం అబ్బిందనీ చెప్పుకుంది. కులం చెప్పుకోలేదు. అయితే తరతరాలుగా జనం ఆమెను కుమ్మరి మొల్ల అనే పిలిచారు. శాలివాహనులు, అంటే కుమ్మరులు, ఆమెను తమ ఇంటి బిడ్డగా కొలుచుకుంటారు. అందులో అన్యాయమేమీ లేదు, ఆమె పేరును ఇన్ని వందల ఏళ్ళు బతికించుకున్నందుకు వాళ్ళకు మనమంతా రుణపడి ఉన్నాం. మా వీధిలో కుండలు అమ్మే ఒక పెద్దాయన ఉన్నారు. పాప పేరు చెప్పగానే చేతిలోని ప్రమిద కింద పెట్టి, "మా ఇళ్ళలోనూ ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదమ్మా. బొమ్మకు దండ వేస్తాం గానీ పిల్లకు పేరు పెట్టం" అన్నారు. మేం వద్దన్నా వినకుండా పాపకు ఒక చిన్న మట్టి పిడత ఇచ్చారు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఆయన మాట నన్ను వదల్లేదు. ఇంత తెలిసిన పేరు ఇంత అరుదుగా ఎందుకు ఉంది? హైదరాబాదు ట్యాంక్ బండ్ మీద 1986లో పెట్టిన తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో మొల్ల ఉంది. 1970లో ఆమె కథ సినిమాగా వచ్చింది, వాణిశ్రీ ఆమెగా నటించింది. మార్చి 13న ఆమె జయంతి చేస్తున్నారు. పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. పెట్టుకున్నవాళ్ళు ఏరీ?

అమెరికాలో ప్రతి ఏడాదీ ఏ పేరు ఎంతమంది పిల్లలకు పెట్టారో ప్రభుత్వమే ప్రకటిస్తుంది, 1880 నుంచి లెక్కలు దొరుకుతాయి. మనకు అలాంటి పట్టిక లేదు. అందుకని పాప నిద్రపోయే వేళల్లో మా పుట్టింటి ఊరి ఓటర్ల జాబితా తెరిచి పేజీ తరువాత పేజీ చదివాను. మల్లమ్మలు ఉన్నారు, మల్లేశ్వరులు ఉన్నారు, మల్లికలు ఉన్నారు. మొల్ల లేదు. మొల్ల పుట్టిన గడ్డ అని చెప్పుకునే చోట! పక్క ఊళ్ళ జాబితాలూ చూశాను. అక్కడా లేదు. ఓటర్ల జాబితాలో చిన్నపిల్లలు ఉండరు గనుక ఎక్కడో ఒక చిన్న మొల్ల తిరుగుతూ ఉండవచ్చు. ఉంటే బాగుండునని నా కోరిక.

చదవగా చదవగా నాకు తోచింది ఇది. మల్లెకు వెనక దేవుడున్నాడు. శ్రీశైల మల్లికార్జునుడి పేరు మీద మల్లన్నలు, మల్లమ్మలు, మల్లేశ్వరులు తెలుగునాట ప్రతి ఊళ్ళో పుట్టారు. పద్మకు, కమలకు లక్ష్మీదేవి ఉంది. పువ్వు పేరు దేవుడి పేరుగా మారితేనే మనం పిల్లలకు ధైర్యంగా పెట్టుకున్నాం. మొల్లకు అలాంటి దేవత పేరు కుదరలేదు. కవయిత్రి తల్లిదండ్రులు శైవులు గనుక మల్లికార్జునుడికి ఇష్టమైన పువ్వని ఆ పేరు పెట్టారని చెబుతారు. కానీ ఆమె తర్వాత ఆ పేరు ఆమెదే అయిపోయింది. ఒక మనిషి పేరుగా అంత గట్టిగా నిలిచిపోయాక ఇంకొకరు దాన్ని తీసుకోవడానికి జంకారేమో. పైగా కాలం గడిచేకొద్దీ దేశి పేర్లే వెనక్కి పోయాయి. కాకతీయుల కాలపు శాసనాల్లో ముప్పమ, మైలమ, కుప్పాంబిక లాంటి పేర్లు రాణుల పేర్లు, దొరసానుల పేర్లు. ఈనాడు ఆ పేర్లు పిల్లలకు పెడతామంటే పెద్దలే వద్దంటారు.

ఆమె కాలం విషయంలోనూ పాత తగాదా ఉంది. తిక్కన కాలపుది అన్నవాళ్ళున్నారు. కానీ పూర్వకవులను తలుచుకున్నచోట ఆమె శ్రీనాథుణ్ణి చెప్పింది గనుక ఆయన తర్వాతిదే అయి ఉండాలి. ఎక్కువమంది 16వ శతాబ్దం మొదటి భాగం అంటారు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది ఆమె తనను తాను చెప్పుకున్న తీరు: "మొల్ల యనగ వరలినదాన". మొల్ల అనే పేరుతో వెలుగొందినదాన్ని అంటోంది. అప్పటికే పేరు పొందిన మనిషి మాట అది. ఆ ధైర్యం మా అమ్మాయికి రావాలని నేను కోరుకుంటున్నాను, ఈ మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

మా అపార్టుమెంటులో ఒక తమిళావిడ ఉంటారు. పేరు వినగానే "ముల్లై!" అని పాపను ఎత్తుకున్నారు. మల్లె జాతి పువ్వుకు ఇదే మాట తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె. వాళ్ళ పాత కవిత్వంలో అడవులూ పశువుల బీళ్ళూ ఉన్న నేలకు ముల్లై అనే పేరు. పాకడానికి ఆధారం లేక నేల మీద వాలిన ముల్లై తీగకు పారి అనే రాజు తన రథాన్నే వదిలేసి వెళ్ళాడని కథ. ఆవిడ పాపకు ఆ కథ చెబుతూ ఉంటే, మా వైపు వాళ్ళు వింతగా చూసిన పేరు పక్క భాషలో ఎంత మన్ననగా ఉందో చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇక కాగితాల సంగతి. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయాలి. ఆ పని ఆసుపత్రి వాళ్ళే చేశారు, కాకపోతే అప్పటికి పేరు ఖరారు కాలేదు గనుక ధ్రువపత్రంలో పిల్ల పేరు ఉండాల్సిన గడి ఖాళీగా వచ్చింది. చాలామంది కొత్త తల్లిదండ్రులు ఆ ఖాళీ చూసి కంగారు పడతారు. అవసరం లేదు. జనన మరణాల నమోదు చట్టం 1969లో 14వ సెక్షన్ దీని కోసమే ఉంది. నమోదు తేదీ నుంచి 12 నెలల లోపు పేరు చెబితే ఆలస్య రుసుము ఉండదు, ఆ తర్వాతైతే 15 ఏళ్ళ లోపు రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. కానీ వాయిదా వేయకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి, చోటుకు రుజువు ఈ ధ్రువపత్రమే.

పాపకు ఏడో నెల వచ్చాక దరఖాస్తు, మా ఇద్దరి ఆధార్ నకళ్ళు, పాత ధ్రువపత్రం పట్టుకుని వెళ్ళాను. దరఖాస్తులో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పేరు పెద్ద అక్షరాలతో రాశాను. కొత్త పత్రం చేతికి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. తెలుగులో "మోల్లా" అని ఉంది.

కౌంటరు దగ్గరి అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఇంగ్లీషులో కొడితే తెలుగు దానంతట అదే వస్తుందని. అక్కడే నాకు అర్థమైంది. ఇంగ్లీషు లిపిలో మొ అన్నా మో అన్నా ఒకటే అక్షరం. చివర అ అన్నా ఆ అన్నా ఒకటే. మన పేరు ఆ లిపిలోకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి, పోకూడని ఆ పొట్టి అచ్చులే పోయాయి. పైగా బెంగాలులో ఇంచుమించు ఇలాగే పలికే ఇంటిపేరు ఉంది, మోల్లా అని. మంచి ఇంటిపేరే, కానీ అది మా పాప పేరు కాదు.

"చిన్న తేడానే కదండీ, ఇంగ్లీషులో సరిగ్గా ఉంటే చాలు" అని వెనక వరుసలో నిలబడ్డ ఒకాయన అన్నారు. ఆయన మంచికే చెప్పారు. నేను మాత్రం దిద్దించకుండా వెళ్ళదలచుకోలేదు. తెలుగు పేరు తెలుగులో తప్పుగా ఉండి ఇంగ్లీషులో ఒప్పుగా ఉంటే, ఆ పేరు పెట్టి ప్రయోజనం ఏముంది?

దిద్దుబాటుకు అదే చట్టంలో 15వ సెక్షన్ ఉంది. మళ్ళీ దరఖాస్తు, వాళ్ళు అడిగిన అఫిడవిట్, నాలుగు సార్లు తిరగడం. ప్రతి సారీ కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పాను, "మకు ఒత్వం అండీ, ఓత్వం కాదు. లకు ల వత్తు. చివర దీర్ఘం లేదు." మూడోసారి వెళ్ళినప్పుడు ఒక నడివయసు ఉద్యోగి తల ఎత్తి "రామాయణం మొల్లా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన కుర్చీ జరిపి, తెర నావైపు తిప్పి, "ఒక్కొక్క అక్షరం మీరే చెప్పండమ్మా, నేను కొడతాను" అన్నారు. అంతే, అరనిమిషం పని.

అక్కడే తెలుసుకున్న ఒక సంగతి నాకు బాగా నచ్చింది. రిజిస్టరులో తప్పు పడితే దాన్ని చెరపరు, కొట్టివేయరు. మొదట రాసింది అలాగే ఉంచి, పక్కన మార్జిన్‌లో సరైనది రాసి, రిజిస్ట్రారు సంతకం చేసి తేదీ వేయాలన్నది నియమం. అంటే మా అమ్మాయి జనన రికార్డులో "మోల్లా" ఎప్పటికీ ఉంటుంది, దాని పక్కనే "మొల్ల" కూడా ఉంటుంది. ఎప్పుడైనా ఎవరైనా ఆ రికార్డు తీసి చూస్తే, ఒక పొట్టి అచ్చు కోసం ఇంట్లోవాళ్ళు వచ్చి అడిగారని వాళ్ళకు తెలుస్తుంది.

బాల ఆధార్ తీసుకునేటప్పుడు ముందే జాగ్రత్తపడ్డాను. సరి అని నొక్కకముందే తెర మీద తెలుగు పేరు నాకు చూపించమని అడిగాను. మీరూ అడగండి. మీ అమ్మాయి పేరు ఎంత సామాన్యమైనదైనా సరే, తెలుగు గడి ఒకసారి చదవండి. ఇంగ్లీషు గడి అందరూ చదువుతారు.

పాప మొదటి పుట్టినరోజుకు అవ్వ లేదు. బావి దగ్గరి పొద నుంచి అమ్మ ఒక కొమ్మ అంటు కట్టి తెచ్చింది. దాన్ని మా బాల్కనీలో కుండీలో పెట్టాం. మొదటి ఏడాది ఆకులే. రెండో చలికాలం, పుష్యమాసంలో ఒక పొద్దున పదకొండు పూలు పూశాయి. అత్తమ్మ వాటిలో రెండు సరస్వతి పటానికి పెట్టి, మిగతావి పాప చేతిలో పోశారు.

పాపకు ఇప్పుడిప్పుడే మాటలు వస్తున్నాయి. "నీ పేరేమిటి?" అని అడిగితే తన గుండె మీద చేయి పెట్టుకుని "మొయ్య" అంటుంది. ల వత్తు ఇంకా నోరు తిరగడం లేదు. ముందున్న మొ మాత్రం పొట్టిగా, స్పష్టంగా పలుకుతుంది.